పిడికెడు మచ్చు

"ఈ వారం ఎట్లుంది అంకుల్?" అడిగింది నవత.

హన్మకొండలోని ఆ కౌన్సెలింగ్ గదికి వెంకట్రాజం వారం వారం వస్తున్నాడు. ఎనుమాముల మార్కెట్లో రైతుల మిర్చి అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఆయనది. ఎవరైనా ఎదురైతే బీపీ చూపించుకోవడానికని చెప్పి, గబగబా మెట్లెక్కేస్తాడు.

"గంతే మేడం. పొద్దున లేవబుద్ధి అయితలేదు. మెలకువ ఉంటది, కాళ్లు కింద పెట్టాలంటే భయం. తల దువ్వుకోవాలన్న గూడ చెయ్యి లేస్తలేదు."

నూనె రాసి, పాపిడి తీసిన ఆయన తల వైపు నవత ఓసారి చూసింది.

"లేవగానే దుప్పటి మడతపెట్టమన్నాను కదా. అదొక్కటే పని."

"బేస్తారం దాక మడత పడ్డది మేడం. మస్తు సంబురమైంది. మళ్ల గట్లనే... ఏడ తప్పుతాందో సమజైతలేదు."

"ఎవరి తప్పూ కాదు. మనసు అలసిపోతే ఒళ్లు కదలదు. అది బద్ధకం కాదు."

"బద్ధకం కాదా?" ఆ మాట కోసమే ఇంతదూరం వచ్చినట్టు అడిగాడు. "ఇంట్ల అందరు గదే అంటరు. నేను గూడ గదే అనుకున్న."

"నిద్ర?"

"పడ్తలేదు."

"ఆకలి?"

"రెండు ముద్దలు. గంతే."

బేరంలో ధర చెప్పినంత సులువుగా వచ్చాయి జవాబులు. బస్తాలోంచి పిడికెడు మచ్చు తీసి చూస్తే సరుకంతా తెలిసిపోతుంది. జబ్బయినా అంతేనని ఆయన నమ్మకం.

నవత పెన్ను పక్కన పెట్టింది.

"ఒకటి అడుగుతా, దాచకుండా చెప్పండి. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

వెంకట్రాజం కండువాతో నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"అంకుల్?"

"తెల్వదు మేడం."

"మీ మనసులోది మీకు తెలియకపోవడమేంటి?"

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. నంబరు నొక్కి చెవికి ఆనించుకున్నాడు. అవతల మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.

"ఎవరికి చేస్తున్నారు?"

"మా హారికకు మేడం... పెండ్లి కావాల్సిన పిల్ల, ఈడికి తోలుకొస్తె బజారంత పిచ్చిదంటదని, వారం వారం బిడ్డనడిగి నేనే వచ్చి చెప్తాన, గిదొక్కటే అడగలే."