ఎర్రదారం ఆవు

“ఎర్రదారం కట్టిన ఆవులకు మందు సూది. నీలం దారం వాటికి ఉట్టి ఉప్పునీళ్లు,” అన్నాడు పాలు పెంచే మందును పరీక్షించడానికి మద్రాసు నుంచి వచ్చిన జ్ఞానశేఖర్ సిరంజి కడుగుతూ.

“అయితే నీలం ఆవులకు పాలు పెరగవా అయ్యా?” అంది తాయమ్మ.

“ఎప్పటి మాదిరే తగ్గతాయి. రెండూ పోల్చి సూడకుంటే మందు పని చేసిందని ఎట్లా చెప్పేదమ్మా?”

తాయమ్మ మల్లి వైపు చూసింది. దాని కొమ్ముకు నీలం దారం ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు అది. పుంగనూరు దగ్గరి ఆ పాల ఫారంలో తాయమ్మ పాలు పితికేది. తల్లి చచ్చిన మల్లిని గంజి తాపి సాకింది ఆమే. కరువులో మేత కొనలేక ఫారానికి అమ్మి, దాని వెనకాలే తానూ కూలికి చేరింది. పోయినేడు పాలు తగ్గిన ఆవులను కటికవాళ్లు తోలుకుపోవడం కళ్లారా చూసింది. మల్లి పాలు అప్పటికే తగ్గుముఖం పట్టాయి.

జ్ఞానశేఖర్ భోజనానికి వెళ్లగానే తాయమ్మ మల్లి నీలం దారం విప్పి, పక్కనే ఉన్న సదుం ఊరి ఆవుకు కట్టింది. దాని ఎర్రదారం మల్లికి వచ్చింది. మదనపల్లెలో పుస్తకాల మధ్య పెరిగిన ఆయనకు ఈ పొట్టి తెల్లావులన్నీ ఒకటే. అనుమానమే రాలేదు. దారం చూసి సూది వేశాడు, దారం చూసి పాల లెక్క రాసుకున్నాడు.

ఈనిన ఆవు పాలు వారం వారం ఎలా తగ్గుతాయో లెక్కగట్టి, ఒక పెద్ద కాగితం మీద గీత గీసి గోడకు అంటించాడు. మందు లేకుంటే పాలు ఆ గీత వెంబడే దిగాలి. ఎర్రదారం ఆవులవి గీతకు పైనే నిలిచాయి. వాటిలో మల్లిది అన్నిటికంటే పైన. తాయమ్మకు లెక్కలు రావు గానీ, పైన ఉంటే బతికినట్టేనని అర్థమైంది. పొంగిపోయింది. సదుం ఆవు దగ్గర మాత్రం తలెత్తలేక, దానికి పిడికెడు పచ్చిగడ్డి ఎక్కువ వేసేది.

ఆఖరి రోజు జ్ఞానశేఖర్ కాగితం చుట్టేశాడు.

“మందు బాగా పని చేసింది తాయమ్మా. మద్రాసుకు తంతి ఇచ్చినా.”

“నీలం ఆవులను కటికోళ్లకు ఇచ్చేస్తారా అయ్యా?”

“యాల? వాటితో పనైపాయ. మేపుకుంటామన్నోళ్లు ఉట్టినే తోలుకుపోవచ్చు.”

తాయమ్మ గుండె తేలికైంది. సదుం ఆవు పాపం ఇక తనకు చుట్టుకోదు. నవ్వుతూ మల్లి గంగడోలు నిమిరింది.

“మరి ఎర్రదారం ఆవులు ఈడే ఉంటాయా అయ్యా?”

“రేపు వాటిని కోసి, లోపలేం మారిందో సూడాల.”