కప్ప వాళ్ల పిన్ని

పిల్ల చెయ్యి జారిపోయింది.

మియెన్ వెనక్కి తిరిగి చూసింది. అగరుపొగ, భుజాలు, తలలు. పిల్ల లేదు.

“కప్పా! ఒసేయ్ కప్పా!”

కొత్త సంవత్సరంలో తొలి పున్నమి. హనోయ్ సగం ఆ గుడి వాకిట్లోనే ఉన్నట్టుంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని బజారంతా ఒకటే మాట. నైవేద్యం పళ్లెం ఎక్కడ పడేసిందో మియెన్‌కే తెలియదు. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ పరిగెత్తింది.

పిల్ల గేటు దగ్గరుంది. అగరొత్తులమ్మే హెన్ ముసలమ్మ పక్కన పీట మీద కూర్చుని, అరిటాకులో పెట్టిన బంకన్నం తింటోంది. ఎదురుగా వార్డు పోలీసు.

మియెన్ ఒక్క ఉదుటున వెళ్లి పిల్లను లాక్కుంది.

“నెమ్మది తల్లీ, ఎక్కడికీ పోలేదులే,” అంది హెన్. “అబ్బ, బంగారు బొమ్మలా ఉంది పిల్ల!”

“బొమ్మా? కోతి మొహం!” మియెన్ గభాలున పిల్ల టోపీని కళ్ల దాకా లాగేసింది. “పనికిమాలింది, నల్లకప్ప. నడవ్వే!”

హెన్ మొహం మారింది. పిల్ల రెండో చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఏమ్మా బుజ్జీ, ఈవిడ మీ అమ్మా?”

“కాదు. పిన్ని.”

“మరి మీ అమ్మేదీ?”

పిల్ల గుడి లోపలికి వేలు చూపించింది. “అక్కడ. తెల్లబట్టలు కట్టుకుని నిలబడి ఉంటుంది. చేతిలో సీసా.”

“సీసానా!” ఎవడో పకపకా నవ్వాడు. “పండగపూట పట్టపగలే మొదలెట్టిందన్నమాట!”

“నోర్ముయ్యరా!” హెన్ కసిరింది. “అది చెప్పేది బోధిసత్వ తల్లి విగ్రహం గురించి. అయ్యో, ఈ పిల్లకి తల్లి లేదయ్యా పోలీసు బాబూ! పసిదానికి ఏదో నూరిపోసి ఎత్తుకుపోతోంది ఇది.”

జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. “మొహం చూడు, దొంగమొహం,” అంది ఒకామె.

“తండ్రి నంబరు చెప్పు,” అన్నాడు పోలీసు.

“సరుకు ఓడలో పని. సముద్రం మీదున్నాడు. ఫోను అందదు.”

“బాగా అల్లావు. పిల్ల కాగితాలు?”

“ఇంట్లో ఉన్నాయి. ఈ గుడి గురువమ్మకి నేను తెలుసు తమ్ముడూ. ఒక్కసారి పిలిపించు, నీకు పుణ్యముంటుంది.”

“ఆవిడ పారాయణలో ఉన్నారు. మనం స్టేషన్లో మాట్లాడుకుందాం. పిల్ల శరణాలయంలో ఉంటుంది.”

మియెన్ పిల్ల చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. శరణాలయమా? పరాయివాళ్ల మధ్యా? రాత్రిళ్లు దీపం లేకపోతే ఇది నిద్రపోదే!

“ఆఖరుసారి అడుగుతున్నా. ఈ పిల్లకి నువ్వేమవుతావు?”

గుడి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపలి నుంచి తెల్లటి విగ్రహం ఇటే చూస్తోంది. ఆ కళ్లలో ఉన్నదంతా కరుణేనని మియెన్ చిన్నప్పటి నుంచీ వింటోంది. నమ్ముతోంది కూడా. మరి తనకెందుకింత భయం?

ఒక మాట నాలిక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేసింది.

“పిన్నిని.”

పోలీసు పిల్లను ఎత్తుకున్నాడు. “పిన్నీ! పిన్నీ!” అంటూ పిల్ల గుక్కపట్టింది. మియెన్ అతని చొక్కా పట్టుకుని వేలాడింది. ఎవరో ఆమెను జుట్టు పట్టి వెనక్కి లాగారు.

“దించు నాయనా పిల్లని.”

గురువమ్మ. పారాయణ మధ్యలోనే లేచి, చెప్పుల్లేకుండా వచ్చేసింది ఆ ముసలి సన్యాసిని. జనం దారిచ్చారు.

“మీకు తెలీదు గురువమ్మా,” అంది హెన్. “ఇది పిల్లల్ని ఎత్తుకుపోయే రకం. దీని నోటెంట ఒక్క మంచిమాట రాలేదు ఆ పసిదాని మీద!”

గురువమ్మ పిల్లను దగ్గరికి తీసుకుంది. విగ్రహానికి వీపు తిప్పి నిలబడింది. పిల్ల చెవులు రెండూ అరచేతులతో మూసి, గొంతు బాగా తగ్గించింది.

“ఈమె కన్న మొదటి ఇద్దరూ ‘అమ్మా’ అనడం నేర్చిన ఏడాదే పోయారు, అందుకే ఈ మూడోదాన్ని లోపలున్న ఆ తల్లికిచ్చేసి, తను పిన్నిగా మిగిలింది.”