మంత్రిని తిట్టిన రాయబారి

విట్‌కూంబ్ గారికి ఆ రోజు నిజంగానే కోపం వచ్చిందా?

కొత్తగా మా దేశ రాజధాని బమాకో వచ్చిన ఆ అమెరికా రాయబారికి మావాళ్లు ముచ్చటపడి ట్రావోరే అని ఇంటిపేరు పెట్టారు. నేను ఆయన దుబాసీని. ఆసుపత్రి ఒప్పందం మీద ఆయన సంతకం పెట్టబోతుంటే మంత్రి జారా లేచాడు.

"ఒరేయ్ ట్రావోరే! బొబ్బర్లు మెక్కే వెధవా, మా ఇంటి జీతగాడివి, నా ముందు కూర్చుంటావట్రా?"

ఉన్నదున్నట్టు అనువదించాను. జారాలూ ట్రావోరేలూ ఎదురుపడితే ఇలా తిట్టుకోవడమే మాకు మర్యాద అని చెప్పబోయేలోగా ఆయన ముఖం జేవురించింది. కలం బల్లమీద విసిరికొట్టాడు.

"ఈ బొబ్బర్ల దొంగ ఉన్నచోట సంతకం పెట్టను!"

ఆసుపత్రి పోయిందనుకుంటూనే అదీ అనువదించాను. హాలంతా పగలబడి నవ్వింది. మంత్రి పరుగున వచ్చి కావలించుకున్నాడు. "వీడు మావాడేరా! అసలు సిసలు ట్రావోరే!"

బిత్తరపోయి చూస్తూనే ఆయన సంతకం పెట్టేశాడు.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయనకు పేరు తెచ్చింది ఆ ఒక్క తిట్టే. పదవీ విరమణ చేసి వెళ్లిపోతుంటే విమానాశ్రయంలో అడిగేశాను. "నిజం చెప్పండి సార్, ఆ రోజు కోపమే కదూ?"

ఆయన గంభీరంగా నావైపు చూశాడు. "నువ్వూ జారాల ఆడపడుచువే కదమ్మా? బొబ్బర్లు తినేవాళ్లకు నేను నిజం చెప్పను."

అది జవాబో, తప్పించుకోవడమో నాకింకా తేలలేదు.