నలభై అయిదు కిలోలు

“ఎంత, దాలయ్యా?”

కాటా పలక మీద నిలబడ్డ నారాయణమ్మ కళ్ళు తెరవకుండానే అడిగింది. దాలయ్య గుండును ఒక గీటు వెనక్కి జరిపాడు. ఆగి, ఇంకొక గీటు జరిపాడు. ఇరవై ఏళ్ళుగా బస్తాల బరువును వీధి చివరికి వినబడేలా కేకవేసే మనిషి ఆవేళ గొణిగాడు.

“నలభై ఆరు, తల్లీ.”

పోయిన గురువారం నలభై ఏడు. అంతకు ముందు నెల విశాఖపట్నం ఆసుపత్రి యంత్రం మీద యాభై రెండు. నిరుడు, కడుపులో పుండుతో మెలికలు తిరుగుతూ అదే ఆసుపత్రి మెట్లెక్కిన నాడు తొంభై ఒకటి.

కడుపులో మూడింట రెండు వంతులు కోసి తీసేశారు. ఒళ్ళు తగ్గడం మంచిదేనన్న డాక్టరు, మొన్నటి పరీక్షలో మాత్రం వేలెత్తి చెప్పాడు: ఇక తగ్గకూడదు, వారం వారం తూచుకోవాలి, నలభై అయిదు కంటే కిందికి దిగితే మర్నాడే రావాలి, మళ్ళీ కడుపు తెరిచి చూడాలి. పక్క మంచం మీద ఉండిన భావనపాడు బుజ్జమ్మకు అలాగే రెండోసారి తెరిచారు. మొన్న నారాయణమ్మ వెళ్ళేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉంది. బుజ్జమ్మ ఏదని అడిగితే నర్సు దుప్పటి సర్దుతూ ఉండిపోయింది.

రాజాంలో ఆమె భర్త జగన్నాధం గారి కొట్టుకు రెండు కాటాలున్నాయి. బియ్యం అమ్మే కాటా ముందు వసారాలో, బజారుకు ఎదురుగా ఉంటుంది. నలుగురి కళ్ళెదుట ఇంటి ఇల్లాలు అక్కడెక్కి నిలబడడం బాగుండదు కనుక, నారాయణమ్మ వెనక దొడ్డిలో ధాన్యం కొనే కాటా ఎక్కేది. అదీ భర్త ఆమదాలవలస వెళ్ళే గురువారాల్లో.

ఒళ్ళు తనది కాకుండా పోయింది. జబ్బల కింద చర్మం ఖాళీ గోతాంలా వేలాడుతోంది. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. దువ్వెన పెడితే జుట్టు గుప్పెళ్ళతో ఊడి వస్తోంది. చెంచాడు పాయసం నోట్లో వేసుకుంటే చాలు, గుండె దడదడలాడి ఒళ్ళంతా చెమటలు. రోజుకు ఆరుసార్లు గిన్నెడు జావ. అంతకు మించితే వాంతి. బియ్యానికి వచ్చిన జగ్గమ్మ గుమ్మంలో ఆమెను ఎగాదిగా చూసి, “నారాయణమ్మ గారి తాలూకా? ఆవిడకేటవుతావు?” అని అడిగింది. నవ్వి ఊరుకుందామనుకుంది గానీ, నారాయణమ్మకు నవ్వు రాలేదు.

ఒకప్పుడు ఆ గుమ్మంలోనే పీట వేసుకుని, నిండుగా కూర్చుని, రైతులకు సమాధానం చెప్పేది. ఇంటి దగ్గర డెబ్బై అయిదు తూగిన బస్తా ఇక్కడ కొనే కాటా మీద అరవై తొమ్మిదయిందని సోములు ఏటేటా మొత్తుకునేవాడు. “ఎండలో తెచ్చావు, దారిలో ఆరిపోనాది. మా కాటా మీద పడి ఏడుస్తావేటి?” అని అతని నోరు మూయించేది. ఇప్పుడు ఆ ధాన్యంలాగే తానూ ఆరిపోతున్నానని ఆమెకు దిగులు.

ఆ గురువారం జగన్నాధం పెందరాళే తిరిగి వచ్చాడు. కాటా మీద భార్యను చూసి పాలిపోయాడు.

“దీన్నెవరెక్కమన్నారు నిన్ను? ఇది మనిషిని తూసేది కాదు.”

దాలయ్యను కసిరి పంపేశాడు. ఆపైన గొంతు తగ్గించి, ఈ అంకెలు డాక్టరుకు రాయవద్దన్నాడు, ఎవరితోనూ అనవద్దన్నాడు. నారాయణమ్మ పలక దిగి ఆయన వంకే చూసింది. డాక్టరు ఈయనతో ఏదో చెప్పాడు. తనకు తెలియనివ్వడం లేదు.

“నిజం సెప్పండి. నేను బతకనన్నాడా?”

“ఛ. అలాటిదేటీ లేదు,” అన్నాడాయన, ఆమె మొహం చూడకుండా.

ఆ వారమంతా ఆమె పక్కవాటాన పడుకుని, పొట్ట మీది మచ్చను తడుముకుంటూ గడిపింది. పైవారం మళ్ళీ కాటా ఎక్కింది. దాలయ్య ఎంతసేపటికీ పెదవి విప్పకపోతే, కిందికి దిగి తానే గీట్లు లెక్కపెట్టుకుంది.

నలభై నాలుగు.

మర్నాడు పొద్దున్నే రెండు చీరలు మూటగట్టి, తాళాల గుత్తి భర్త చేతిలో పెట్టింది. దొడ్లో సోములు బండి నుంచి పన్నెండు బస్తాలు దిగుతున్నాయి. దాలయ్య తూస్తున్నాడు.

“ఇంకో వారం ఆగి సూద్దాం,” అన్నాడు జగన్నాధం.

“ఆగితే మిగిలేదేటండీ? నన్ను కోయించుకోనివ్వండి. బుజ్జమ్మలా అయితే అయ్యాను.”

జగన్నాధం నోరు తెరిచాడు. బస్తాల పక్కన తలపాగా విప్పి చెమట తుడుచుకుంటున్న సోములును చూశాడు, కాటాను చూశాడు.

“సరే, బస్సు సూసొస్తాను,” అని గబగబా బయటికి నడిచాడు.

నారాయణమ్మ మూట చంకన పెట్టుకుని మెల్లగా దాలయ్య దగ్గరికి వెళ్ళింది.

“ఎప్పుడైనా మాట తూలితే మనసులో పెట్టుకోకు, దాలయ్యా. నేను మళ్ళీ రానేమో. నువ్వూ పెట్టుకోకు, సోములూ.”

దాలయ్య కాటా గుండును వదిలేసి, ఆమె వంక తిరిగి, పాత రోజుల్లో బస్తా బరువు కేకవేసినట్టు, సోములుకు కూడా వినబడేలా అన్నాడు:

“తల్లీ, ఇది కొనే కాటా, ఓపాలి ఆ అమ్మే కాటా ఎక్కి సూడు.”