ఇరవై మూడు మార్కులు

"అబద్ధాలు చెప్పకండి గంగాధర్ గారూ!" అంటూ సూర్యకళ పెన్ను బల్ల మీద పడేసింది.

లారీ డ్రైవరు గంగాధర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆయ్, అబద్ధమేంటండి. బాగానే ఉన్నానండి."

అదీ వరస! గోదావరి జిల్లా మనిషిని పాడె మీద పడుకోబెట్టి పలకరించినా "బాగానే ఉన్నానండి, తమరు కులాసాయేనా?" అంటాడు. అలాంటివాణ్ణి నిద్ర ఎలా ఉంది, దిగులెలా ఉంది అని, బాధని బట్టి మూడేసి మార్కుల దాకా వేసే తొమ్మిది ప్రశ్నలు అడిగితే తొమ్మిదింటికీ సున్నాయే వస్తుంది మరి. సూర్యకళ రాజమండ్రి ఆసుపత్రిలో కౌన్సిలరు. వెంకటరాజు గారు పిలిపిస్తే, ఆయన మొక్కల నర్సరీ లారీ డ్రైవర్లను పరీక్షించడానికి కడియం వచ్చింది. పొద్దున్నించీ పదకొండు మంది, పదకొండు సున్నాలు. ఈ పన్నెండోవాడి కళ్లు చూస్తేనే ఆమెకు భయం వేసింది.

"మీ మంచికే అడుగుతున్నాను. లెక్క ఇరవై దాటితే మీరు స్టీరింగు పట్టుకోకూడదు. రాజు గారితో చెప్పి నెల రోజులు ఇంటిపట్టున ఉండేలా చూసే పూచీ నాది."

"నెల రోజులాండి?" గంగాధర్ కట్టుకున్న చేతులు విప్పాడు. "నిజంగానా అమ్మగారూ?"

"మా అమ్మ మీద ఒట్టు."

అప్పుడు కూర్చున్నాడు. కూర్చుని ఆనకట్ట తలుపులెత్తినట్టు చెప్పేశాడు. కునుకు పట్టడం లేదు. అన్నం మట్టి ముద్దలా ఉంటోంది. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. "పిల్లది నాన్నా అంటూ ఎదురొచ్చినా ఏమీ అనిపించట్లేదండి. ఎందుకో తెలీదండి."

తొమ్మిదో ప్రశ్నకి సూర్యకళ గొంతు తగ్గించింది. "చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా..."

"రోజూనండి. వంతెన ఎక్కానంటే చాలు, స్టీరింగు రెయిలింగు వైపు లాగుద్దండి" అని గంగాధర్ బావురుమన్నాడు.

ఆమె కూడింది. ఇరవై ఏడుకి ఇరవై మూడు.

"బళ్లో కూడా ఇన్ని మార్కులు రాలేదండి నాకు" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. ఆ మొహంలో నవ్వు కనబడింది. సూర్యకళకి ప్రాణం లేచొచ్చింది.

వెంకటరాజు గారిది మర్యాదంటే మర్యాద. సూర్యకళ తన గదిలోకి రాగానే స్వయంగా కుర్చీ జరిపి, కొబ్బరి బోండాం కొట్టించి ఇచ్చారు. కిటికీ అవతల పూనా వెళ్లాల్సిన లారీ నిండా మొక్కలు. రెండు రోజులుగా నీళ్లు చల్లుతున్నారు.

"దారిలో ఆగితే మొక్క మాడిపోతుందమ్మా" అన్నారు రాజు గారు. "మా డ్రైవర్లలో ఎవడెలాంటివాడో తెలుసుకుందామనే మిమ్మల్ని శ్రమపెట్టాను."

సూర్యకళ గంగాధర్ కాగితం ముందుపెట్టింది. రాజు గారు ఎర్ర పెన్సిలు తీశారు.

"నిద్ర పట్టదా?"

"అస్సలు పట్టదండి."

"అయ్యయ్యో! తిండి?"

"సయించదండి."

"ఇంటి మీద ధ్యాస?"

"పెళ్లాంబిడ్డల మీద కూడా లేదండి. తొమ్మిదోది చూడండి, చావుకి తెగించి ఉన్నాడు. మీరే కాపాడాలి."

రాజు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత పుణ్యం కట్టుకున్నారమ్మా! ఇన్నేళ్లుగా నా కళ్ల ముందే ఉన్నాడు, నేను కనిపెట్టలేకపోయాను. పిలవండి వాణ్ణి."

గంగాధర్ అప్పటికే బట్టల సంచీ చంకన పెట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. రాజు గారు ఎదురెళ్లి భుజం మీద చెయ్యి వేశారు. ఇక ఇంటికే అనుకున్నాడు పిచ్చివాడు.

రాజు గారు అతని అరచేతిలో తాళం పెట్టి వేళ్లు మూశారు. "పూనా లోడు నీదేరా. రెండో డ్రైవరు దండగ. నిద్రపోవు, తిండికి ఆగవు, ఇంటికి పోతానని గొడవ చెయ్యవు, ఘాట్ రోడ్డులో ప్రాణభయం లేదు. నీలాంటివాడు కోటికొక్కడు!"

"రాజు గారూ, అది..." సూర్యకళ కుర్చీలోంచి లేచింది.

గంగాధర్ ఆమె వంక ఒక్కసారి చూశాడు. "ఆయ్, అలాగేనండి" అని మెట్లు దిగాడు.

"అమ్మా," అన్నారు రాజు గారు ఎంతో మర్యాదగా, "మీ ఆసుపత్రిలో ఇరవై మార్కులు దాటినవాళ్లు ఇంకెవరైనా ఉంటే పంపించండి. నాకింకా నాలుగు లారీలున్నాయి."