మెరుపు తుడిచినవాడు

సాయంత్రం నిగనిగలాడేలా నూనె పూసి వదిలిన టైర్లను తెల్లారేసరికి ఎవరో తుడిచేసి ఉన్నారు.

యేసుప్రసాద్ వంగి చూశాడు. పక్కల మెరుపు అలాగే ఉంది. నేలకు ఆనే భాగం మాత్రం ఒత్తి ఒత్తి తుడిచినట్టు పొడిగా ఉంది.

డోన్ బయట హైవే పక్కన అతనిది కార్లు కడిగే వాటర్ సర్వీస్. సాయంత్రం కడిగిన కార్లు రెండు మూడు అక్కడే ఉండిపోతాయి. పొద్దున వచ్చి తీసుకెళ్తారు.

మూడు రోజులుగా ఇదే వరస. గేటుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. ఒక్క వస్తువు కూడా పోలేదు.

"దొంగైతే టైర్లు తుడిచిపోతాడా? ఏదో గాలి తిరుగుతాండాది. పాస్టరుగారితో ప్రార్థన చేయించు," అంది భార్య జీవిత.

నాలుగో రోజు తెలతెలవారుతుండగానే వచ్చి గేటు తీశాడు.

కారు చక్రం పక్కన ఒక మనిషి గొంతుక్కూర్చొని ఉన్నాడు. గోడ దూకి వచ్చినట్టున్నాడు. నలభై దాటిన మనిషి. గుండు మీద వెంట్రుకలు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి. టైరుకు చెవి ఆనించి, లోపల ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు కళ్లు మూసుకున్నాడు.

"ఎవురు నువ్వు? ఈడేం చేస్తాండావు?"

ఆ మనిషి ఉలిక్కిపడలేదు.

"దేవేంద్రప్ప. మాది ఆదోని. నేలకానే తావున నూనె పూయకూడదప్పా. బండి జారుతాది."

"నీకెందుకు?"

"దుడ్లేం అడగను. తుడిచి పోతా."

యేసుప్రసాద్ పద్ధతి వేరు. డీజిల్లో నూనె కలిపి, స్ప్రే గన్‌తో టైరంతా కొట్టేస్తాడు. నిమిషంలో పని అయిపోతుంది.

"నీళ్లలో కలిసే పాలిష్ దొరుకుతాది. జిడ్డుండదు," అన్నాడు దేవేంద్రప్ప. "స్పాంజికి అద్దుకోని పక్కలకు మాత్రం రుద్దు. కాసేపు ఆరనిచ్చి, మిగిలింది తుడిచెయ్యి."

"అది ఇంత మెరవదు. జనాలకు మెరుపు కావల్ల."

"అవునప్పా. మెరుపే కావల్ల."

అతని ముఖంలో నవ్వు లాంటిదేదో వచ్చి పోయింది.

ఆ రోజు నుంచి అతను పగలే రాసాగాడు. హైవేకి అవతల బండరాయి మీద ఎండలో కూర్చునేవాడు. నీళ్లు తాగడం కూడా ఎవరూ చూడలేదు. కారు బయల్దేరబోతోందనగా లేచి వచ్చి, నాలుగు టైర్లూ తుడిచి, మళ్లీ వెళ్లి కూర్చునేవాడు. ఎంత కసిరినా మాట్లాడేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం రత్నమణి టీచరు కారు కడిగించుకుంది. పిల్లల్ని తీసుకొని బేతంచెర్లకు బయల్దేరింది.

దేవేంద్రప్ప వచ్చి కారుకు అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మా, వెనక సీట్లో ఎవురు కూర్చుంటారు?"

"మా పిల్లోళ్లు."

"ఎడమ పక్క పాపేనా?"

ఆమె ముఖం పాలిపోయింది. పాప కూర్చునేది అక్కడే.

"అన్నా, ఎవురీయప్ప? నాకు భయమైతాండాది!"

యేసుప్రసాద్‌కు ఒళ్లు మండింది. నీళ్ల గన్ అతని మీదికి తిప్పాడు. ఆ దెబ్బకు మనిషి వెల్లకిలా పడ్డాడు. మెల్లగా లేచాడు. ముఖం మీద కారుతున్న నీళ్లు తుడుచుకోనైనా లేదు.

"దావలో పెద్ద మలుపుండాదమ్మా. ఆడ నిదానంగా పోండి."

అంతే. టైర్లు తుడవకుండానే రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

అరగంటకు ఫోన్ మోగింది. రత్నమణి టీచరు.

"అన్నా, మలుపు కాడ బ్రేకు తొక్కితే బండి నిలవల్యా. జారిపోయింది. ఆయన మాట గుర్తొచ్చి నిదానంగా పోతాంటిమి గాబట్టి గుంత అంచున ఆగింది. పిల్లోళ్లు బాగుండారు. ఎవురన్నా ఆయన?"

యేసుప్రసాద్ పక్కనున్న కారు టైరు మీద వేలు పెట్టాడు. వేలు సర్రున జారింది.

క్యాన్ ఎత్తి నూనె మొత్తం మట్టిలో కుమ్మరించాడు. రోడ్డు దాటి పరుగెత్తాడు. బండరాయి మీద ఎవరూ లేరు. అంత ఎండలోనూ రాయి మీద తడి మాత్రం ఇంకా ఆరలేదు.

రెండు రోజులు బస్టాండు, రైల్వే స్టేషను, లాడ్జీలు అన్నీ వెతికాడు. ఎక్కడా కనిపించలేదు.

మూడో రోజు ఒకామె వచ్చింది.

"నా పేరు నాగలత. దేవేంద్రప్ప చెల్లెల్ని. మాయన్న ఈడికి వస్తా ఉన్యాడంట గదా?"

"యాడుండాడమ్మా? ఆయన కాళ్లు పట్టుకోవల్ల నేను."

"మొన్న పోయినాడన్నా."

"అయ్యో! ఎట్ల పోయినాడమ్మా?"

"బేతంచెర్ల దావలో మలుపు కాడ ఎండలో నిలబడి, వచ్చే ప్రతి బండికీ నిదానం, నిదానమని చెయ్యి ఊపుతా ఉన్యాడంట. వడదెబ్బ తగిలి ఆడనే కూలిపోయినాడు."

"ఆ మలుపే ఎందుకమ్మా?"

నాగలత ఫోన్ తీసి అతని చేతికిచ్చింది.

"మా వదిన అన్నకు పంపిన ఆఖరు ఫోటో ఇది. నెలన్నరైంది. పావుగంటకే ఆ మలుపు కాడ కారు జారి... వదినా, వెనక ఎడమ పక్క కూచున్న పాపా ఇద్దరూ..."

ఫోటోలోని ఇద్దరినీ వేలితో చూపించింది.

ఫోటోలో తెల్ల కారు. దాని పక్కన ఒకావిడ, పదేళ్ల పాప. వాళ్ల వెనకాల నీళ్ల గన్ పట్టుకొని నవ్వుతున్నది యేసుప్రసాదే.

'టైర్లు చూడు, అద్దం మాదిరి ఉండాయి' అని కింద రాసి ఉంది.

ఇన్ని రోజులూ ఒక్క మాట అనకుండా తన తప్పును తుడిచిపోయింది ఆ పాప తండ్రి.