కరవని కుక్కపిల్ల

"ఇటువైపు గోధుమరంగు కుక్కపిల్ల ఏమైనా వచ్చిందా అమ్మా?"

కుట్టుమిషన్ ఆగింది. గుమ్మంలో ఎవరో ఒకాయన. మాసిన గడ్డం, నలిగిన చొక్కా, నిద్రలేక గుంటలు పడిన కళ్ళు.

అక్క చటుక్కున మిషన్ కిందికి చూసింది.

రావడమేమిటి, ఆ కుక్కపిల్ల నాలుగు రోజులు ఈ మిషన్ కిందే పడుకుంది. తిండి ముట్టలేదు. నోరు విప్పి అరవలేదు. చెల్లెలు బొత్తాలు కుడుతుంటే పక్కన చేరి ఆమె వేళ్ళు నాకుతూ ఉండేది. ఐదో రోజు పొద్దున షాపు తెరిచేసరికి కట్టెలా బిగుసుకుపోయి ఉంది. అక్కాచెల్లెళ్ళు ఏడ్చి ఏడ్చి, వెనక పెరట్లో గొయ్యి తీసి పూడ్చారు. రెండు వారాలైంది.

ఓనరుకు కుక్కలంటే ఒళ్ళుమంట. "కుక్క కనిపిస్తే షాపు ఖాళీ చేయండి" అని చేరిన రోజే తెగేసి చెప్పాడు. ఆయన పెరట్లోనే పూడ్చారని తెలిస్తే ఇంకేమైనా ఉందా!

"కుక్కా? ఇక్కడా? లేదండీ" అంది అక్క.

"ఈ వీధిలోకే వచ్చిందన్నారు."

"ఎవరో మేమంటే గిట్టనివాళ్ళు చెప్పుంటారు."

"దాన్ని తీసుకెళ్ళడానికి రాలేదమ్మా. అది ఈపాటికి చచ్చిపోయుంటుంది. దానికి రేబిస్. ఎవరినైనా కరిచిందా?"

"లేని కుక్క ఎలా కరుస్తుంది?"

"కరవకపోయినా సరే. గోరు గీరుకుందా? గాయం మీద నాకిందా? సూది గుచ్చుకున్న వేలైనా చాలు."

చెల్లెలు తలెత్తింది. "అక్కా, నా వేలు..."

అక్క ఒక్క చూపు చూసింది. చెల్లెలు మాట మింగేసి మళ్ళీ బొత్తం మీదికి వంగింది.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇప్పటికీ మించిపోలేదమ్మా. ఆస్పత్రికి వచ్చి ఇంజక్షన్లు వేయించుకోండి. ఒకటి వేసుకుని మానేయకూడదు, అన్నీ వేయించుకోవాలి. నేనెవరంటే..."

"మీరెవరైతే మాకెందుకు? పొద్దున్నే బేరాలు చెడగొట్టకండి."

మర్నాడూ వచ్చాడు. అక్క ఒంటికాలి మీద లేచింది.

మూడో రోజు చేతులు జోడించాడు. అక్క విసురుగా తలుపు వేసింది.

కాసేపాగి తీసి చూస్తే ఆయన లేడు. కింద పడి ఉన్న సుద్దముక్కతో తలుపు మీద రాసి వెళ్ళాడు. 'కుక్కపిల్ల నాకినా సరే, ఇంజక్షన్ వేయించుకోండి. ఆలస్యం చేయకండి.'

ఓనరు కంట పడకుండా తడిగుడ్డతో తుడిచేసింది అక్క.

"వీడెవడో ఓనరు పంపిన మనిషే. మన నోటితో చెప్పించాలని చూస్తున్నాడు."

"నిజంగా ఏమైనా అవుతుందేమోనక్కా."

"అది నిన్ను కరిచిందా? ముద్దుగా నాకింది. నాకితే చచ్చిపోతారటే ఎవరైనా?"

చెల్లెలు కూడా నవ్వేసింది. అక్క మాటంటే ఆమెకు అంత నమ్మకం.

నెలన్నర గడిచింది.

"వేలు తిమ్మిరిగా ఉందక్కా."

"రోజంతా సూది పట్టుకుంటే తిమ్మిరెక్కదూ?"

మర్నాడు జ్వరం. ఆ మర్నాడు "ఫ్యాను ఆపక్కా, గాలి తగిలితే గొంతు పట్టేస్తోంది" అని అరిచింది. మంచినీళ్ళ గ్లాసు పెదవుల దాకా తెచ్చుకుని, వణికిపోతూ విసిరికొట్టింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న కుక్క గురించే. ఈసారి అక్క ఏదీ దాచలేదు. పెరడు, గొయ్యి, ఓనరు, అన్నీ చెప్పేసింది.

"అప్పుడే వచ్చి ఉంటే బతికేదమ్మా. ఇది బయటపడ్డాక మా చేతుల్లో ఏమీ లేదు."

"ఎన్నాళ్ళు?"

"రోజులే."

అక్క కూలబడిపోయింది. ఎత్తుకుని పెంచిన చెల్లెలు. తల్లి పోయాక తనే తల్లి అయింది.

"నీ వేళ్ళకూ సూది పోట్లున్నాయి. నువ్వూ దాన్ని ముట్టుకున్నావు. ముందు వెళ్ళి ఇంజక్షన్ వేయించుకో."

"నాకెందుకండీ ఇంకా బతుకు?"

నర్సు రెక్క పట్టుకుని లేపి, ఇంజక్షన్ల గదిలోకి తీసుకెళ్ళింది.

తెల్లకోటు వేసుకున్న కంపౌండరు అటు తిరిగి సిరంజిలోకి మందు ఎక్కిస్తున్నాడు. ఇటు తిరిగాడు.

గడ్డం లేదు. కళ్ళు మాత్రం అవే.

భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది అక్కకు.

 ఆయన ముఖం తేటపడింది. "వచ్చారా? మంచి పని చేశారు. చెల్లెమ్మ బయట ఉందా? ముందు ఆమెను పిలవండి."

  అక్క కళ్ళు చెల్లెలు పడుకున్న వార్డు వైపు తిరిగాయి.

ఆయనకు అర్థమైంది.  మెల్లగా ఆమె భుజం తుడిచి ఇంజక్షన్ చేశాడు.

"నేనే చంపుకున్నానండీ! మూడు రోజులు తిరిగారు మీరు. ఒక్క మాట... ఒక్క మాట చెప్పుంటే..."

ఆయన ఆమె భుజం మీద దూది ఒత్తి పట్టుకున్నాడు.

"మిమ్మల్ని నేనేమని తిట్టనమ్మా? ఇరవై ఏళ్ళుగా కుక్క కరిచిన వాళ్ళందరికీ ఈ ఇంజక్షన్లు వేస్తున్నది నేనే. ఆ కుక్కపిల్ల మా ఇంటిదే. చెబితే దాన్ని ఎక్కడ వదిలేసి వస్తానోనని, చెవి వెనక గోరు గీరిన సంగతి జుట్టు చాటున దాచుకునే పోయింది మా పాప."